ఇరవైనాల్గో వంతు కారు

కొత్త కారు కొన్నవాళ్ళు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుడికి తీసుకుపోవడం మనమెరుగుదుం. కొన్న కారును ఊడదీసి కుప్ప పోసినవారిని ఎరుగుదుమా? జపానులో షిజువోకా అనే ఊళ్ళో అటువంటి పెద్దమనిషి ఒకరుండేవారు. పేరు షున్‌సాకు టామియా. 1970లలో ఆయన పోర్షె 911 అనే జర్మనీ కారును కొన్నారు. అప్పుడైనా ఇప్పుడైనా అది మనబోటివాళ్ళం రోడ్డు పక్కన నిలబడి చూసి సంతోషించవలసిన కారు. దాన్ని ఆయన మరమేకుతో సహా విప్పించేశారు. తిరిగి బిగించడం తమవల్ల గాక, పోర్షె పని తెలిసినవాళ్ళను పిలిపించుకున్నారు. ఇంత తతంగమూ దేనికయ్యా అంటే, బొమ్మకారు చెయ్యడానికి!

ఆ బొమ్మ 1976లో వచ్చింది. 911 నుంచి పుట్టిన పందెపు కారు, పోర్షె 934కు పన్నెండో వంతు నమూనా. ఆ ఏడాదే దానికి మోటారు పెట్టి, దూరాన్నుంచి రేడియోతో నడిపే బొమ్మగా కూడా అమ్మారు. టామియా వారిది మొదట కలప వ్యాపారం. తండ్రి యోషియో 1946లో పెట్టారు. కొయ్యబొమ్మలు చేసుకుంటూ ఉండగా అమెరికా నుంచి ప్లాస్టిక్ బొమ్మలు వచ్చిపడ్డాయి. ఇహ లాభం లేదని 1960లో తామూ ప్లాస్టిక్కుకు దిగి, యమాతో అనే యుద్ధనౌకను పోశారు. అది కలిసిరాలేదు. తరవాత చేసిన యుద్ధట్యాంకు కలిసివచ్చింది. దాని కొలత ముప్ఫయ్యయిదో వంతు ఎందుకైందంటే, లోపల బ్యాటరీలు పట్టాలి గనక! ఈనాటికీ ప్రపంచమంతా ట్యాంకు బొమ్మలు ఎక్కువగా ఆ లెక్కలోనే చేస్తున్నారు. శాస్త్రాలు ఇలాగే పుడతాయి కాబోలు. షున్‌సాకుగారు 2025లో, 90 ఏళ్ళ వయసులో, కాలం చేశారు.

ఈ సంగతులన్నీ నాకెందుకు పట్టాయంటే, మా మేనల్లుడు మా ఇంట్లో ఉండి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. వాడి పిన్ని విదేశాల నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. పోర్షె 911 టర్బో, 1988 నాటిది. అసలు కారు పొడుగు 4.29 మీటర్లు. ఇది ఇరవైనాల్గో వంతు గనక, పూర్తయితే జానెడుకు కాస్త తక్కువ. అడుగుకు అర అంగుళం అని పెట్టుకున్న పాత లెక్క ఇది.

పెట్టె తెరిస్తే కారు కనిపించదు. కరిగించిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో నెట్టి పోసిన చట్రాలుంటాయి. కొమ్మకు కాయల్లాగా వాటికి ముక్కలు వేళ్ళాడుతుంటాయి. ప్రతి ముక్కకూ ఒక అంకె. తొడిమె దగ్గర జాగ్రత్తగా కత్తిరించి, మిగిలిన బొడిపెను ఉప్పుకాగితంతో రుద్ది, కాగితంలో చెప్పిన వరసలో అతకాలి. ఆ అతికే మందు జిగురు కాదు. రెండు ముక్కల అంచులనూ కరిగించి ఏకం చేస్తుంది. తప్పు చోట అతికారో, ఇక ఆ బంధం విడదు. దాన్ని కిటికీ అద్దాలకు పూస్తే అద్దం మసకబారుతుంది. అక్కడ తెల్లటి గమ్మే శరణ్యం.

నాకు అన్నిటికన్న నచ్చింది రంగు సంగతి. అసలు కారు మీద రంగు మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అంతే మందాన బొమ్మ మీద పూశామా, అసలు కారు మీద కొబ్బరిచిప్ప మందాన పులిమినట్టు లెక్క! అంచేత మంచులాగా చిమ్మాలి, ఆరనివ్వాలి, మళ్ళీ చిమ్మాలి. తలుపు సందుదీ అదే తంటా. అసలు కారుకు నాలుగైదు మిల్లీమీటర్లుండే సందు ఇక్కడ రెండు మూడు వెంట్రుకల మందానికి దిగుతుంది. రంగు పడితే పూడిపోతుంది. అందుకని పనివాళ్ళు ఆ గీతను కాస్త లోతు చేసి, పల్చటి నల్లరంగు పారించి, నీడను తెచ్చిపెడతారు. స్వభావోక్తి పాఠం చెప్పినప్పుడల్లా, “ఉన్నదున్నట్టు చెబితే అలంకారమెలా అవుతుందండీ?” అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి ఈ తలుపు సందు చూపిద్దామనుకుంటున్నాను.

మా బావగారికి ఈ అలంకారాలతో పని లేదు. మార్చిలో పరీక్షలు. “అవి అయ్యేదాకా ఆ పెట్టె బీరువాలో పెట్టి తాళం వెయ్యండి” అని ఫోను చేశారు. ఆయన చిన్న ఉద్యోగి. కాలేజీ ఫీజుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆయన భయాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. కాని ఆ ఇంటర్మీడియెట్ కాలేజీలో కుర్రవాళ్ళు పొద్దున్న ఆరింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వస్తున్నారు. వచ్చినవాడు అన్నం ముందు కూర్చుని, ఏం కూరో చూడకుండా తింటున్నాడు. అటువంటివాడు ఆదివారం మధ్యాహ్నం పట్టకారుతో అద్దం అంత ముక్కను పట్టుకుని, “మామయ్యా, ఈ కారుకు ఇంజను వెనకెందుకు పెట్టారో చెప్పు” అని అడిగాడు. నాకేం తెలుసు? వాడే చెప్పాడు, బరువు వెనక చక్రాల మీద పడితే అవి జారకుండా నేలను పట్టుకుంటాయట, కాని మలుపులో ఆ బరువే తోక విసురుతుందట. అదే సూత్రం ఫిజిక్సు పుస్తకంలో ఉందని కూడా వాడే అన్నాడు. ఆరు నెలలుగా వాడి నోట పుస్తకం మాట ఇష్టంగా రావడం అదే మొదలు.

బావగారికి నేనే ఫోను చేశాను. తాళం వేస్తానన్నాను, ఆరు రోజులకు. ఏడోరోజు భోజనం దగ్గర్నుంచి దీపాలవేళ దాకా తీస్తానన్నాను. ఒక పూత ఆరేసరికి ఒక రోజు పడుతుంది గనక, తొందరపడి లాభం లేదని కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఏం రంగు వేస్తున్నాడు?” అని అడిగారు.

ఎరుపు. రెండో పూత ఈ ఆదివారం.