తెల్లవారుజాము లెక్క

కరెంటు పాలసీకీ యూనివర్సిటీ పంతుళ్లకీ ఏమిటి సంబంధమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్టుబడి కంపెనీలు తెస్తాయట, విధానం కన్సల్టెంట్లు రాసిస్తారట, విశ్వవిద్యాలయం పిల్లలకు సోలార్ ప్యానెళ్లు బిగించడం నేర్పితే చాలట. ఈ మాట తప్పు. నెల్లూరు తీరంలో అయితే ప్రమాదకరం కూడా.

ఇక్కడి రొయ్యల గుంటలనే చూడండి. పగటి ఎండకు ప్లాంక్టన్ నీళ్లలో ఆక్సిజన్ నింపుతుంది. చీకటి పడ్డాక ఆ ప్లాంక్టనే, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా కలిసి దాన్ని లాగేస్తాయి. తెల్లవారుజాముకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంటంతా పోతుంది. రైతు జనరేటర్ దగ్గర కాపలా పడుకునేది అందుకే. సోలార్ కరెంటు దండిగా వచ్చేది మధ్యాహ్నం, రొయ్యకు ఊపిరి కావలసింది రాత్రి. ఈ ఎడం పూడ్చడానికి బ్యాటరీలు పెట్టాలా, గాలి కరెంటు సరిపోతుందా, నేలటూరు థర్మల్ కేంద్రంలోని మూడు 800 మెగావాట్ల యూనిట్ల మీదే ఇంకా ఎన్నేళ్లు ఆధారపడాలి? ఏ ఫీడరు మీద ఏ గంటకు ఎంత లోడు పడుతుందో ఏళ్ల తరబడి కొలిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. విద్యుత్ నిల్వ ఊసు కూడా అందులో ఉంది, కాదనను. ఆ నిల్వ ఈ తీరంలోని ముత్తుకూరు రైతుకు ఏ ధరకు, ఏ వేళకు అందాలో తేల్చే లెక్క మాత్రం ఇక్కడి గట్ల మీదే పుట్టాలి.

ఆ లెక్క కట్టాల్సింది విశ్వవిద్యాలయమే అంటే, ప్రొఫెసర్లు ఆలస్యం చేస్తారంటారు. కన్సల్టెంట్ నివేదిక తొందరగానే వస్తుంది, డబ్బిచ్చినవాడి బీరువాలోకి చేరుతుంది. విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంటుంది. ఒక బ్యాచ్ కొలిచిన గుంటనే మరుసటి ఏడు ఇంకో బ్యాచ్ కొలుస్తుంది.

పక్క రాష్ట్రం అనుభవం ఉండనే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత కోసం ఆస్ట్రా కేంద్రాన్ని నెలకొల్పిన ప్రొఫెసర్ అమూల్య రెడ్డి, తర్వాత కర్ణాటక దీర్ఘకాలిక విద్యుత్ ప్రణాళికను ఎదిరించారు. కరెంటుతో జనానికి తీరాల్సిన పనులేమిటో లెక్కకట్టి, అంత కరెంటూ అంత ఖర్చూ అక్కర్లేదని చూపించారు. ప్రభుత్వానికి సాయమంటే నా దృష్టిలో అదే. తలూపడానికి మనుషులు ఎక్కడైనా దొరుకుతారు.

2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉంది, సముద్ర జీవశాస్త్రం అక్కడ చెబుతున్నారు. రాష్ట్రంలో అధ్యాపక పోస్టులు నింపకుండా ఉంచి, ఆపైన పరిశోధన ఏదీ అని దెప్పడం అన్యాయం. పోస్టులు నింపండి. కంపెనీ సొమ్ముతో ముడిపడని నిధి ఇవ్వండి. గుంటల దగ్గర గంటవారీ మీటర్లు పెట్టించి, ఆ అంకెలు తెలుగులో రైతుల ముందుంచండి. విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జీల మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు, ఆ కాగితాలు పట్టుకుని రైతు పక్కన ఒక పరిశోధకురాలు కూడా నిలబడాలి.