అమ్మకమంతా వ్యాపారమేనా?

పరీక్షలు ముగిసే రోజుల్లో మన హాస్టలు వరండాలు చిన్నపాటి సంతలైపోతాయి. సైకిలు, టేబుల్ ఫ్యాను, లావుపాటి పుస్తకాలు, అన్నీ అమ్మకానికే! ఇదివరకు నోటీసు బోర్డు మీద చీటీ అంటించేవారు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫొటో పెడుతున్నారు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. దానితోపాటే ఒక భయమూ పట్టుకుంది: "ఇన్‌కంటాక్స్ వాళ్ళు అడిగితేనో?"

మిత్రులారా, ఇందులో భయపడవలసింది లేదని నా మనవి. సొంతానికి వాడుకొనే బట్టలు, సామాను, వాహనం వంటి వాటిని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా లెక్కించలేదు. 2025లో చేసిన కొత్త చట్టమూ ఆ తేడాను నిలిపింది. జి.ఎస్.టి. అయినా వ్యాపారంలో భాగంగా జరిగే అమ్మకానికే. ఆరు వేలకు కొని, మూడేళ్ళు తొక్కి, రెండు వేలకు అమ్మిన సైకిలు మీద వచ్చింది ఆదాయమెలా అవుతుంది?

అయితే ఇంకో రకం వారున్నారు. వెళ్ళిపోయే సీనియర్ల దగ్గర ఇరవై కూలర్లు చవగ్గా కొని, రిపేరు చేయించి, లాభానికి అమ్ముతారు. అడిగితే "పాత సామానేగా" అంటారు. సామాను పాతదే, కాని అది వ్యాపారం. వాడుకోవడానికి కొన్నావా, అమ్మడానికి కొన్నావా? అసలు ప్రశ్న ఇదే. ఫోనులో అమ్మినా, సంతలో అమ్మినా జవాబు మారదు. ఒక్క బేరమైనా వ్యాపార స్వభావం గలది కావచ్చునని వెంకటస్వామినాయుడు కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఖర్చులు పోగా మిగిలిన లాభానికే పన్ను. మొత్తం ఆదాయం పరిమితి లోపల ఉంటే అదీ లేదు. కావలసిందల్లా ఒక లెక్కల పుస్తకం!

విద్యార్థులకు ఇంత నిజాయితీ చెప్పే నేను ప్రభుత్వాన్నీ ఒకటి అడగదలచుకున్నాను. నగలకు ఈ మినహాయింపును 1973 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. ధనవంతుడు సొంతానికి వాడుకొన్న కారు అమ్మితే పన్ను ప్రసక్తే లేదు. కొడుకు ఫీజు కోసం తల్లి చేతి గాజులు అమ్మితే మాత్రం లాభం లెక్క కట్టాలి. నగలమ్మి ఇల్లు కొంటే కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. చదువుకు కడితే లేదు! బంగారంలో నల్లధనం దాచేవారున్న మాట నిజమే. అందుకు ఒక హద్దు పెట్టండి, రశీదు అడగండి. ముప్పయ్యేళ్ళు ఒంటిమీదున్న గాజుల కంటే సొంత వస్తువు ఏముంటుంది? వాడుకను బట్టి వస్తువును చూడమని మనకు చెప్పే చట్టం, ఆ న్యాయాన్నే తల్లుల బంగారానికీ వర్తింపజేయాలి. కాలేజీ ఫీజుకు కట్టిన మేరకైనా ఆ లాభాన్ని వదిలిపెట్టాలి.