గడువు దాటితే గోవిందా?

ధర్మపురి: 'ఫలానా తేదీలోగా ఖర్చుల సొమ్ము కట్టాలి. కట్టకపోతే పిటిషన్ కొట్టేసినట్టే'. సివిల్ కోర్టుల్లో తరచూ వినబడే షరతు ఉత్తర్వు ఇది. చూడ్డానికి రెండు ముక్కలే. కానీ గడువు దాటిందంటే మళ్లీ వాదనలుండవు. ఉత్తర్వు తనంతట తానే అమలైపోతుంది.

భూమి పంపకం దావాలో వాయిదాకు రాని రైతుపై ఎక్స్‌పార్టీ డిక్రీ పడిందనుకుందాం. దాన్ని రద్దు చేయమని అతను పిటిషన్ వేస్తాడు. ఎదుటి పక్షానికి వెయ్యి రూపాయలు ఖర్చులివ్వాలన్న షరతుతో కోర్టు ఒప్పుకుంటుంది. ఆ వెయ్యి వేళకు అందకపోతే పిటిషన్ పోతుంది, డిక్రీ నిలుస్తుంది. పొలంలో ఎవరి వాటా ఎంతన్నది అతని మాట వినకుండానే తేలిపోతుంది.

సేలం చూపిన దారి

మరి దారే లేదా? ఉంది. ఇలాంటి ఉత్తర్వులు తాత్సారం చేసేవారిని హెచ్చరించేందుకే తప్ప కోర్టు చేతులు కట్టేయడానికి కాదని మహంత్ రామ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148వ సెక్షన్ ప్రకారం గడువు ముగిశాక కూడా పొడిగించవచ్చు. అయితే 2002 జులై 1న అమల్లోకి వచ్చిన సవరణ ఆ పొడిగింపు మొత్తం 30 రోజులు మించరాదంది.

ఆ సవరణలపై సుప్రీంకోర్టుకెక్కింది పక్కనున్న సేలం న్యాయవాదుల సంఘమే. 1965లో విడిపోయే దాకా ధర్మపురి కూడా సేలం జిల్లాలోదే. కక్షిదారు చేతిలో లేని కారణాలతో ఆలస్యమైతే 30 రోజులు దాటినా గడువివ్వొచ్చని 2005 ఆగస్టు 2న ఆ కేసులో తీర్పు వచ్చింది.

ధీమా పనికిరాదు

అలాగని 'వకీలు చూసుకుంటాడులే' అని కూర్చుంటే కుదరదు. పొడిగింపు హక్కు కాదు, కోర్టు విచక్షణ. ఆలస్యానికి గట్టి కారణం చూపాలి. డబ్బు సర్దుబాటు కాకపోతే గడువు ముగియక ముందే అడగడం మేలు. కట్టినవారు రశీదు దాచుకుని, ఆ సంగతి కోర్టుకు తెలపాలి.

ఇక్కడి తెలుగువారికి మరో చిక్కుంది. ఇంట్లో మాట తెలుగు, కోర్టు కాగితం తమిళమో ఇంగ్లిషో. అందుకే ఉత్తర్వు వచ్చిన రోజే ఎంత కట్టాలి, ఎవరికి, ఏ తేదీలోగా అన్న మూడు సంగతులూ వకీలునడిగి రాసుకోవాలి.

ఏళ్ల తరబడి సాగే దావాలకు ఇలాంటి కళ్లెం అవసరమే. కానీ తేదీ అర్థం కాక పొలం పోగొట్టుకుంటే అది న్యాయం అనిపించుకోదు. షరతు పెట్టిన రోజే దాన్ని కక్షిదారుకు తెలిసిన భాషలో విడమరచి చెబితే సగం తిప్పలు తప్పుతాయి.