ముసలితనమా, ఇరుకుతనమా?

కంప్యూటరు కాస్త నెమ్మదించిందని చెప్పగానే "దాని ఆయుష్షు తీరిందండీ, కొత్తది తీసుకోండి" అని తీర్పు చెప్పేవారు వీథికొకరు తయారయ్యారు. మూత విప్పి చూడకుండానే మరణ ధ్రువపత్రం వ్రాసే ఈ వైద్యాన్ని నేను ఒప్పుకోను.

చాలా యంత్రాలకు వచ్చింది వార్ధక్యం కాదు, ఇరుకు. అష్టావధానం చూసినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. ర్యామ్ అంటే అవధానిగారి ధారణ. హార్డు డిస్కు అటక మీది పుస్తకాల పెట్టె. ధారణలో చోటు చాలక ప్రతి పాదానికీ అటకెక్కి దిగవలసివస్తే ఎంతటి అవధాని అయినా సభలో నీళ్ళు నమలవలసిందే. పాత ల్యాప్‌టాపులలో డిస్కు సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు క్రిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే సుమారు 5.5 మిల్లీసెకన్లు, ముల్లు జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. తిరిగే భాగమే లేని ఎస్.ఎస్.డి.కి మొత్తం పనికి 0.1 మిల్లీసెకను చాలు. ర్యామ్‌కయితే సెకనులో కోటోవంతు లెక్క!

ఇక "మెమరీ శుభ్రపరిచే" సాఫ్టువేర్లు. విండోస్ తరచు వాడేవాటిని ర్యామ్‌లో దాచుకునేదే వేగం కోసం. వీరు దాన్ని తుడిచి, మళ్ళీ డిస్కు నుండి మోయిస్తారు. వంటగది సర్దుతానని పోపులపెట్టెను అటకెక్కించినట్లు!

2007లో విస్టాతో వచ్చిన రెడీబూస్ట్‌ను, అంటే పెన్‌డ్రైవును ఊతంగా వాడే పద్ధతిని, ఇప్పటికీ చిట్కాగా చెప్పేవారున్నారు. ర్యామ్ తక్కువై, తిరిగే డిస్కు ఉన్ననాటి ముచ్చట అది. ఎస్.ఎస్.డి. ఉన్నచోట దానితో పని లేదు.

ప్రాసెసరే చాలని వీడియో కూర్పు వంటి పనులకు ఈ మందు పారదు, నిజమే. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పాత యంత్రాలు చాలావాటిని విండోస్ 11 రానివ్వదు, అదీ నిజమే. లినక్స్ లేదా మరి? 2025 చివర ర్యామ్ ధరలు మండాయంటారా, కొత్త యంత్రంలో ఉండేదీ ఆ ర్యామే కదా! పైగా సన్నని కొత్త ల్యాప్‌టాపులు కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. రేపు పెంచుకుందామంటే దారి లేదు.

పింఛనుదారుడి మాట అటుంచండి. నాకు తెలిసిన ఒక బడిలో ఎనిమిది కంప్యూటర్లు ఇదే తీర్పుతో గుడ్డ కప్పుకుని మూలన పడ్డాయి. వాటిలో ఒక్కదానికైనా 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్.ఎస్.డి. వేసి చూశారా అని అడిగాను. "పాతవి కదండీ" అన్నారు. లోపల ఇప్పుడెంత ర్యామ్ ఉందో చెప్పగలిగినవారు అక్కడ ఒక్కరూ లేరు.