బారెడు మూరెడు తెడ్డు



తెడ్డనగానే మనకు వంటయింటి కొయ్యతెడ్డు జ్ఞప్తికి వచ్చును. పడవవానికి నీటిని త్రోయు సాధనము తోచును. వస్తువులు రెండైనను పేరొక్కటియే. పడవతెడ్డునకు అమరమున నౌకాదండము, క్షేపణి యను పేళ్లు గలవు. ఈ నెల ఉత్తరధ్రువ సమీపముననున్న గ్రీన్లాండు దేశపు తెడ్డును గూర్చి వ్రాయుచున్నాను. దాని నిర్మాణమునందు గృహిణులు గ్రహింపదగిన విషయమొకటి గలదు.

అచటి ఇన్యుయిట్లు పూర్వము కయాకను సన్నని యొంటిమనిషి పడవలో సముద్రముపై సీళ్లను వేటాడి జీవించెడివారు. కొయ్యచట్రమును పురుషులు కట్టగా, దానికి సీలుచర్మమును తొడిగి కుట్టుపని స్త్రీలది. సూది చర్మపు మందములో సగము వఱకే పోవలెను గాని ఆవలికి వెడలరాదు. వెడలినచో ఆ రంధ్రమున నీరు చొచ్చును. కావున వేటకు బోయినవాని ప్రాణము ఇల్లాలి కుట్టుమీదను, చేతి తెడ్డుమీదను నిలిచియుండెడిది. పడవ బోర్లపడినచో, కూర్చున్నచోటు వీడకయే తెడ్డుతో నీటిని ఊతగొని మరల పైకి లేవవలెను. జీనో వాట్కిన్సను ఆంగ్లేయుడు 1930–31లో అచట పరిశోధనము సాగించుచు ఈ విద్య నేర్చెను. అయినను 1932 ఆగస్టులో ఒంటరిగా సీళ్లవేటకు బోయి మరల రాలేదు. ఆయన పడవ మాత్రము దొరకెను. ఆ నీళ్లు అట్టివి.

గ్రీన్లాండున పెద్ద వృక్షములు లేవనియే చెప్పవచ్చును. సైబీరియా నదులు సముద్రమున జేర్చిన దుంగలు మంచుతోగూడి ఏండ్లతరబడి తేలి ఒడ్డు చేరును. ఆ దొరకిన కొయ్యనే వారు వాడుకొనిరి. కొలబద్ద మాత్రము వారి శరీరమే. చేతులు చాచిన బారెడు, దానిపై మోచేతినుండి వ్రేలికొన వఱకు మూరెడు: ఇది తెడ్డు పొడవు. నడుమ పట్టుకొను భాగము ఇంచుమించు భుజముల వెడల్పు. రెండుకొనలనుండు రెక్కల వెడల్పు చేతి పట్టున నిముడునంత, అనగా బెత్తెడు. నడితరపు మనిషికి పొడవు 210 మొదలు 220 సెంటీమీటర్లును, రెక్క వెడల్పు 8 లేక 9 సెంటీమీటర్లును అగును.

అంగళ్లలో దొరకు ఐరోపా తెడ్డు రెక్క దీనికి రెట్టింపు వెడల్పు గలది. వెడల్పైనదే బలమైనదని చూచువారికి తోచును. కాని ఆ రెక్క పొట్టిది, ఇది పొడవైనది. నీటినానుకొను వైశాల్యమున రెంటికిని భేదము స్వల్పమే. సన్నని రెక్కను ఏ చోటనైనను పట్టుకొనవచ్చును గనుక, బోర్లపడిన వేళ తెడ్డును ఒకవైపునకు జరపి పొడవుగా చాచుకొనుట సుకరము.

నేడు అమెరికా, ఐరోపాలలో అనేకులు ఇట్టి తెడ్లను ఇండ్లలోనే చేసికొనుచున్నారు. 4 సెంటీమీటర్ల మందము, 9 సెంటీమీటర్ల వెడల్పుగల పలకను, ముళ్లులేనిదానిని, తిన్నని రేఖలుగలదానిని ఎన్నుకొందురు. నడిగీత గీసి, ఱంపముతో ఆకారము కోసి, చిత్రికపట్టి, గరుకు కాగితముతో నునుపుచేయుదురు. తుదకు వ్రేలిపై నిలిపి రెండువైపుల తూకము సరిచూతురు. సీడరుతో చేసినది ముప్పాతిక కిలో తూగినచో, అదే ఆకృతిగల ఆషు తెడ్డు కిలోంబావు దాటును. నిమిషమునకు 60 మారులు వేయువాడు గంటకు 3,600 మారులు వేయవలెను. అప్పుడు ఆ యర్ధకిలో భేదము భుజములకు తెలియును. అయితే సీడరు మెత్తనిది, రాతికి తగిలిన నొక్కుపడును. అందుచేతనే ప్రాచీనులు కొనలకును అంచులకును ఎముక తొడిగిరి.

పలువురు వార్నీషుకంటె అవిసెనూనెను మేలెంతురు. తడిచేతికి పట్టు జారదు, అరిగినచోట మరల పూయవచ్చును. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రము ఉండచుట్టి మూల బెట్టరాదు. అవి తమంతట తామే వేడెక్కి రగులుకొనును. విప్పి ఆరబయట పఱచి ఆరనీయవలెను.

ఒకే యింట భర్త తెడ్డు భార్యకు చాలదు, భార్యది భర్తకు అమరదు. ఎవరి బార వారిది, ఎవరి మూర వారిది. మన యిండ్లలోనో? వంటగట్టు ఎత్తు తాపీవాని వాడుకనుబట్టి యుండును గాని, దినమునకు నాలుగైదు గంటలు దానివద్ద నిలుచునామె మోచేతినిబట్టి యుండదు. నిలుచుండి చేయు పనికి గట్టు మోచేతికంటె 10 మొదలు 15 సెంటీమీటర్లు దిగువనుండుట యుక్తము. ఎత్తైనచో భుజములును, పల్లమైనచో నడుమును నొచ్చును. ఆ నొప్పిని వయసు దోషమని సరిపెట్టుకొని ఓర్చుకొనుట మనకు అలవాటైనది.

కొత్తగా గట్టు కట్టించునపుడు ముందుగా వెళ్లి నిలుచుండి మీ మోచేతి కొలత ఇచ్చి రండు. ఉన్న గట్టు ఎత్తైనచో కాలిక్రింద గట్టి పీట వేసికొనుడు; పల్లమైనచో కూరలు తఱుగు పలకక్రింద మందపు చెక్క నుంచుడు. మనము వాడు పనిముట్టు మన కొలతకు ఒదుగవలెను గాని, మన నడుము దాని కొలతకు వంగరాదు.