మాత్రకో వేళ... లోడుకో వేళ
షుగరుతో స్టీరింగు పట్టేవారిని అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగడం లేదు

బళ్లారి: హోసపేట నుంచి బళ్లారి, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, నెల్లూరు మీదుగా కృష్ణపట్నం ఓడరేవు దాకా పోయే 67వ నంబరు జాతీయ రహదారి సరిహద్దుకు రెండు వైపులా ఎన్నో తెలుగు ఇళ్లకు కూడు పెడుతోంది. ఈ దారిన లారీ, టిప్పరు, ట్యాక్సీ తోలేవారికి నలభై దాటేసరికి షుగరు కూడా తోడవుతోంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అంటే పెద్దవాళ్లలో నూటికి పదకొండు మందికి పైనే. డ్రైవర్లు ఈ లెక్కకు బయటివారేం కాదు. గంటల తరబడి కూర్చునే పని, వేళాపాళా లేని తిండి, చాలీచాలని నిద్ర వాళ్లకు జబ్బును ఇంకా దగ్గర చేస్తాయి.

షుగరుంటే బండి తోలకూడదా? తోలొచ్చు. షుగరు ఉన్నంత మాత్రాన తోలకూడదని చట్టం అనలేదు. చిక్కల్లా ఒక్కటే. మాత్ర తిండి వేళను బట్టి పనిచేస్తుంది. బండి లోడు వేళను బట్టి కదులుతుంది.

ఏ మాత్రతో ముప్పు?

షుగరు మాత్రలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ కూడా అంతే. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం వేరు. ఇవి ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరిస్తాయి. కడుపులో అన్నం పడిందా లేదా అని చూడవు. ఇన్సులిన్ సూదితోనూ ఇదే ముప్పు.

పొద్దున మాత్ర మింగి, ఉగ్గాని బజ్జీ తినేలోపే లోడు తయారని ఫోనొస్తే చాలు. కాసేపటికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, చూపు మసకబారుతుంది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి దిగితే హెచ్చరిక. 54 కిందికి దిగితే బుర్ర తికమకపడుతుంది. అలా తికమకపడుతున్న సంగతి డ్రైవరుకే తెలియకపోవచ్చు. చూసేవాళ్లు తాగి తోలుతున్నాడనుకుంటారు.

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన మాత్రలు మన దగ్గర బాగా వాడుకలో ఉన్నాయి. మింగేది ఒక్కటే అయినా లోపల రెండు మందులుంటాయి. అట్ట మీద పేరు చదివితే గానీ తెలియదు.

ఈ భయంతో కొందరు ట్రిప్పు ఉన్న రోజు మాత్రే మానేస్తారు. అదీ ప్రమాదమే. చక్కెర బాగా పెరిగితే చూపు మసకబారుతుంది, ఒళ్లు నీరసపడుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే కంటి రెటీనా దెబ్బతింటుంది, పాదాలు మొద్దుబారతాయి. బ్రేకు మీద కాలు ఎంత గట్టిగా పడిందో తెలియని స్థితి వస్తుంది.

ఫారంలో లేని ప్రశ్న

2019 సవరణ తర్వాత రవాణా వాహనాల లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. లైసెన్సుకు డాక్టరు సంతకంతో ఫారం 1-ఎ ఇవ్వాలి. అందులో చూపు, రంగులు, వినికిడి, రేచీకటి, కాళ్లూ చేతుల గురించి అడుగుతారు. రక్తం గ్రూపు రాయడానికి చోటుంది. రక్తంలో చక్కెర రాయడానికి లేదు. డ్రైవరు స్వయంగా నింపే ఫారం 1లో మాత్రం హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉందా అనే ప్రశ్న ఉంది. ఉందని రాస్తే లైసెన్సు రాదేమోనని భయం. అందుకే లేదని రాసేస్తారు.

మోటారు వాహనాల చట్టం 186వ సెక్షను ఇంకో మెలిక పెట్టింది. జనానికి ప్రమాదం తెచ్చే జబ్బు ఉందని 'తెలిసి' బండి తోలితే మొదటిసారి వెయ్యి రూపాయలు, తర్వాత రెండు వేల దాకా జరిమానా. తెలిసి అన్న మాట దగ్గరే కథంతా ఉంది. పరీక్ష చేయించుకోని వాడికి ఏ భయమూ లేదు. చేయించుకుని మాత్ర వాడే వాడికి ఓనరు భయం, ఆఫీసు భయం. జాగ్రత్తపడే వాడే దాచుకోవాల్సి వస్తే ఆ పద్ధతిలోనే లోపం ఉన్నట్టు.

బ్రిటన్‌లో లారీ, బస్సు డ్రైవర్లు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ తరహా మాత్రలు గానీ వాడితే లైసెన్సు శాఖకు చెప్పి తీరాలి. చెప్పినంత మాత్రాన లైసెన్సు పోదు. షుగరు అదుపులో ఉందని, పరీక్షలు సరిగా చేసుకుంటున్నారని తేలితే నిలుస్తుంది. అడగడం, ఆదుకోవడం రెండూ ఉన్నాయి కాబట్టే అక్కడ చెప్పే ధైర్యం వస్తుంది.

కాగితం మీద విరామం

రోజుకు 8 గంటల పని, ఏకధాటిగా 5 గంటలు దాటకుండా అరగంట విరామం అని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి వచ్చింది. నిర్ణీత వర్గాల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష మాట అందులో ఉంది. ఒకటి రెండు బండ్లున్న ఓనరు దగ్గర పనిచేసే వాడికి, సొంత బండి తోలుకునే వాడికి అది ఎలా చేరుతుందన్నదే ప్రశ్న. చేర్చే దారి రవాణా, కార్మిక, ఆరోగ్య శాఖలు కలిసి వెతకాలి.

డ్రైవర్లు ఏం చేయాలి?

* నేను బండి తోలతానని డాక్టరుకు ముందే చెప్పాలి. చక్కెర పడిపోయే ముప్పు తక్కువున్న మందు కుదురుతుందేమో అడగాలి. సొంతంగా మార్చొద్దు, మానొద్దు.
* ముప్పున్న మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే బండెక్కే ముందు, దారిలో రెండేసి గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. 90కి పైనుంటే మేలు.
* వణుకు మొదలైతే ఊరొచ్చేదాకా ఆగొద్దు. బండి పక్కకు తీసి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. తర్వాత ఏదైనా తినాలి. చక్కెర మామూలుకొచ్చాక కూడా ముక్కాలు గంట ఆగాకే స్టీరింగు పట్టాలి.
* క్లీనరుకు జబ్బు సంగతి, చక్కెర ఎక్కడుందీ చెప్పి ఉంచాలి. స్పృహ తప్పిన వాడి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.
* రాత్రి మద్యం తాగి అన్నం మానేస్తే తెల్లవారుజామున చక్కెర పడిపోవచ్చు.
* ఏటా కంటి రెటీనా, పాదాలు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. కిడ్నీలు మందగిస్తే పాత మోతాదే ఎక్కువైపోతుంది.

ఓనర్లు చేయాల్సింది చిన్నదే. డ్రైవరు తిన్నాడా అని అడిగి, తిన్నాకే బండి కదిలించాలి. షుగరుందని చెప్పిన వాణ్ని దించేస్తే రేపటి నుంచి ఎవరూ చెప్పరు. అప్పుడు ముప్పు ఆ డ్రైవరుకే కాదు, ఎదురుగా వచ్చే ప్రతి బండికీ.