పాతకాపు ఫార్వర్డు ఏ జట్టునకెంత?

ఫుట్‌బాల్ ఆటలో ముప్పదియైదేండ్లు దాటిన ఫార్వర్డునుగూర్చి మన ప్రాంతమున రెండే మాటలు వినవచ్చుచున్నవి. "పని అయిపోయినది, ఇక కాళ్లు సాగవు" అనునది మొదటిది. "పేరున్నది, జనము వత్తురు, ఎంతయైనను ఇచ్చి తెత్తము" అనునది రెండవది. ఈ రెండును ఆటగాని వయస్సును, పేరును మాత్రమే చూచి పలికిన మాటలు. పిలుచుచున్న జట్టునందు కొరత యేమో చూచి పలికినవి కావు. బావి లేని తోటకు కపిల యెడ్లను ఎంత వెలపెట్టి కొన్నను ప్రయోజనమేమి?

ఇందుకు సునీల్ ఛేత్రీ ఆటచరిత్రకంటె మంచి నిదర్శనము లేదు. సైనికోద్యోగి కుమారులైన ఆయన 1984 ఆగస్టు 3న సికిందరాబాదులో జన్మించిరి. నేపాలీ కుటుంబమువారైనను, పుట్టిన యూరినిబట్టి తెలుగువారు కొంత గర్వపడుటలో తప్పులేదు. (పూర్వము తులసీదాస్ బలరామును కలకత్తాకిచ్చినదియు ఆ సికిందరాబాదే. 1960 రోము ఒలింపిక్సులో హంగరీమీదను, పెరూమీదను గోలు కొట్టిన బలరాము వ్యాధిచే 1963లో, ఇరువదియేడేండ్లకే ఆట మానవలసివచ్చెను.)

ఛేత్రీ ప్రయాణము 2002లో మోహన్‌బగాన్‌తో మొదలై, జె.సి.టి., ఈస్ట్‌బెంగాల్, డెంపో జట్లమీదుగా సాగెను. 2010లో అమెరికాలోని కాన్సాస్ సిటీ జట్టు ఆయనను చేర్చుకొనియు లీగు పోటీలలో ఒక్కసారియైనను మైదానమునకు దింపలేదు. 2012లో పోర్చుగల్ దేశపు స్పోర్టింగ్ లిస్బన్ రెండవ జట్టులోను కొద్ది ఆటలే దక్కినవి. అప్పటికి ఆయన మంచి వయస్సులోనే ఉండిరి. మరుసటి సంవత్సరము కొత్తగా వెలసిన బెంగుళూరు ఎఫ్.సి. ఆయనను నాయకునిగా తీసికొని తొలియేటనే ఐ-లీగు గెలిచెను. 2015 వేలములో ముంబయి సిటీ 1 కోటి 20 లక్షల రూపాయలకు ఆయనను పాడుకొనెను. ఆటగాడు ఒక్కడే, తూచిన తక్కెడలు వేరు. ఇది తిరుత్తణివారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1960 ఏప్రిల్ 1న ఎల్లగీత మారినప్పుడు కొండ కదలలేదు గదా, శిస్తు కట్టించుకొనువారు మారిరి.

ఇక వయస్సు మీరిన తరువాతి సంగతి. 2024-25 ఇండియన్ సూపర్ లీగులో, నలుబదియేండ్ల వయస్సున, ఛేత్రీ బెంగుళూరునకు 14 గోల్సు సాధించిరి. ఆ యేడు మరి యే భారతీయుడును అన్ని కొట్టలేదు. ఈ 14 గోల్సు ఏ జట్టునకైనను ఇదే వెల చేయునా? చేయవని మా అభిప్రాయము. ఆ లీగులో ఒక్కసారికి నలుగురు విదేశీయులనే మైదానమున నిలుపవచ్చును. కనుక పెక్కు జట్లు ఆ నాలుగింటిలో ఒక స్థానమును గోలు కొట్టువానికే కేటాయించును. ఆ పని ఒక భారతీయుడు చేసిపెట్టినచో, మిగిలిన విదేశీయుని నడిమివరుసలోనో, రక్షణవరుసలోనో నిలుపుకొనవచ్చును. బెంగుళూరునకు కలిసివచ్చిన అసలు లాభమిది. ఇదివరకే ఇద్దరు మేలైన విదేశీ ఫార్వర్డులున్న జట్టునకు ఈ లాభము సగమైనను ఉండదు.

బంతిని తెచ్చి యిచ్చువారి సంగతియు ఉన్నది. నలుబదియేండ్లవాడు మైదానమంతయు పరుగెత్తలేడు, పరుగెత్తుమనుట అవివేకము. ఆయనకు మిగిలిన సంపద ఎక్కడ నిలువవలెనో, ఎప్పుడు కదలవలెనో తెలిసియుండుట. 2023 మార్చి 3న కేరళ బ్లాస్టర్సుతో జరిగిన నాకౌటు ఆటలో, అదనపు సమయమున ఫ్రీకిక్కు దొరకగా, ఎదుటివారు గోడకట్టి నిలుచులోపలనే ఛేత్రీ బంతిని గోలులోనికి పంపిరి. కేరళవారు కోపించి మైదానము విడిచిపోయిరి. అది న్యాయమా కాదా యను తగవు నేటికిని వినవచ్చుచున్నది. మాకు తోచినదేమన, ఆ గోలు కాళ్ల బలముతో వచ్చినది కాదు. అయితే ఇట్టి బుద్ధి ఫలించుటకు ఇరుప్రక్కల పరుగులు తీయు పడుచువారుండవలెను. అట్టివారు లేని బీదజట్టు పాతకాపును తెచ్చుకొన్నచో, ఆయన తొంబది నిమిషములును బంతికొరకు ఎదురుచూచుచు నిలువవలసినదే. చూచినవారు మరల "పని అయిపోయినది" అందురు.

దేశపు జట్టు విషయమున మరియొక చిక్కు కలదు. 2024 జూన్‌లో కలకత్తాలో కువైటుతో ఆడి సెలవు తీసికొన్న ఛేత్రీని 2025 మార్చిలో తిరిగి పిలిచిరి. మాల్దీవులమీద ఆయన గోలు కొట్టిరి. జట్టు 3-0తో గెలిచెను. ఆ సంతోషము నిలువలేదు. బంగ్లాదేశముతో గోలు లేక సరిసమానము, హాంగ్‌కాంగుతో ఓటమి, అక్టోబరులో మడ్‌గావున సింగపూరుతో ఓటమి. 2027 ఆసియా కప్పునకు అర్హత దక్కలేదు. ఇందు ఛేత్రీని తప్పుపట్టుట అన్యాయము, పిలిచినందున వచ్చిరి. ఫార్వర్డు స్థానమును ఏండ్లతరబడి విదేశీయులకు అప్పగించి, మన పిల్లలను అంచులలో ఆడించిన జట్ల లెక్క అది. విత్తనము దాచని రైతు వానలు పడినపిదప పొరుగింటి గాదెవంక చూచినట్లున్నది.

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందు ఏ యువజన జట్టైనను చందాలు పోగుచేసి, పండుగ పోటీకి చెన్నపట్టణమునుండి పేరుగల పాతకాపును రప్పింపదలచినచో, ముందుగా తన ప్రక్కవరుస పిల్లలనుగూర్చి ఆలోచించవలెను. వారు బంతిని అందింపగలవారైనచో ఆయనను చివరి అరగంటకు దింపినను చాలును, పెట్టిన పైకము దండుగ కాదు. అందింపలేనివారైనచో ఆ పైకమును ఆటకు కాక, ఆయనచేత నెలరోజులు ఉదయపువేళ పిల్లలకు పాఠము చెప్పించుటకు వెచ్చించుట మేలు. పోటీనాడు మాత్రమే వచ్చి, ఫొటో తీయించుకొని, సాయంకాలపు రైలుకు పోవు ఒప్పందమునకైతే మేము చందా ఇయ్యము. మన సభ్యులను ఇయ్యవలదనియే కోరుచున్నాము.